కొట్టేసిన వాక్యాలు

పోయిన శనివారం మా క్వార్టర్ల చివర ఉన్న హైస్కూల్‌కు కొత్తగా వచ్చిన టీచరమ్మ నన్ను పిలిపించి, బల్ల మీద ఒక అట్టపెట్టె విప్పింది. నిండా రంగురంగుల డైరీలు. ప్రతి పేజీ మీద నవ్వుతున్న సూర్యుడి బొమ్మ, కింద మూడు గీతలు. ఈ రోజు ఎవరికి కృతజ్ఞతలు చెప్పుకుంటావు, ఈ రోజు నీ గురించి నువ్వు ఏం ఆలోచించావు, ఈ రోజు ఎవరి బాగోగులు చూశావు. ఒక్కో ప్రశ్నకు ఒక్కో గీత. నేను ఇదే బడిలో శనివారాలు ఇలాంటిదే చేయిస్తున్నానని ఎవరో చెప్పారట, పిల్లలకు రెండు మాటలు చెప్పమని అడిగింది. నేను కుర్చీలోంచి లేచాను, కిటికీ దగ్గరికి పోయాను, మళ్లీ వచ్చి కూర్చున్నాను, మళ్లీ లేచాను. ఆమె భయపడి నీళ్లు తెప్పించింది. నీళ్లు తాగి, వచ్చే వారం చెప్తానని ఇంటికి వచ్చేశాను. ఈ వారమంతా ఆ రెండు మాటలు కుదరలేదు. ముందుగదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ముందుగదిలోకి తిరుగుతుంటే మా ఇంటామె, నీ కాళ్లకు ఎవడన్నా చక్రాలు బిగించిండా అని అడిగింది. నోటికి కుదరనిది కాగితానికి కుదురుతుందేమోనని ఇప్పుడు కూర్చున్నాను. ఎంతసేపు కూర్చోగలనో చూడాలి.

నేను బడికి పోయింది ఏడో తరగతి దాకానే. మిగిలిన చదువంతా మా గోదావరిఖని కార్మికుల లైబ్రరీలో చదివాను. నాలుగు పెద్ద అలమారలు, ఒక పొడుగు బల్ల, గాలి కంటే చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను. ఆ నాలుగు అలమారలూ నేను పూర్తి చేశాను. ఈ మాట చెప్పకుండా ఉండలేను, క్షమించాలి. ఒక్క తేనెటీగను పెంచకపోయినా తేనెపట్టులో రాణి ఈగ దినచర్య నాకు తెలుసు. సముద్రం చూడకపోయినా తుఫానులో తెరచాప ఎప్పుడు దించాలో తెలుసు. నా నౌకరి కూడా చదువుకు అనుకూలమైందే. బొగ్గుబాయి ల్యాంప్ రూమ్‌లో ముప్పై ఏళ్లు పనిచేశాను. లోపలికి దిగే ప్రతి మనిషికీ కిటికీలోంచి టోపీ లైటు ఇవ్వాలి, షిఫ్టు అయ్యాక తీసుకుని ఛార్జింగ్‌కు పెట్టాలి. దిగే వేళ, ఎక్కే వేళ ఊపిరి తిరగదు. నడుమ నాలుగైదు గంటలు పుస్తకానివి. లైటు కోసం వచ్చిన వాళ్లకు దాంతో పాటు కొంత జ్ఞానం కూడా అంటగట్టేవాణ్ణి. ముందు లైటియ్యి సామీ, జ్ఞానం మూడింటికి వచ్చి తీసుకుంటం అనేవాళ్లు. నేను ఒక్కనాడూ బాయి లోపలికి దిగి పనిచేయలేదు. దిగేవాళ్ల ముందు ఆ చిన్నతనం నాకు ఉండేది, దాన్ని పుస్తకాలతో కప్పుకునేవాణ్ణి.

అయిదేళ్ల కింద, రిటైర్ కావడానికి ఇంకా రెండేళ్లుందనగా, అట్ట ఊడిపోయి మొదటి పదహారు పేజీలు లేని పుస్తకం ఒకటి దొరికింది. ఎవరు రాశారో, ఏం పేరో ఈనాటికీ తెలియదు. రోజూ పడుకునే ముందు మనకు మేలు చేసినవాళ్లను తలుచుకుని రాయాలని, గడిచిన రోజును ఒకసారి వెనక్కి తిరిగి చూసుకోవాలని, రోజుకొకరికి ఏదో ఒక సాయం చేయాలని, అలా చేస్తే మనసు నిలకడగా ఉంటుందని అందులో ఉంది. నిలకడ లేనివాణ్ణి కాబట్టి నాకు ఆ పుస్తకం బాగా పట్టింది. పదకొండు రోజులు రాశాను. పన్నెండో రోజు, నన్ను నేను బాగుచేసుకోవడం కంటే పిల్లలను బాగుచేయడం తేలికని తోచింది. హైస్కూల్ పెద్ద మేడం దగ్గరికి పోయి అరగంట ఉపన్యాసం చెప్పాను. ఆమె ఓపికగా విని, శనివారం ఆఖరి పీరియడు ఎనిమిదో తరగతికి ఎవరూ లేరు, తీసుకోండి అంది. నా ఉపన్యాసానికి మెచ్చి ఇచ్చిందో, పీరియడు నిండుతుందని ఇచ్చిందో నేను ఆలోచించలేదు. మొదటి షిఫ్టు మూడింటికి అయిపోగానే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో ఎర్ర పెన్ను పెట్టుకుని పోయేవాణ్ణి. చేతిలో ఒక చెక్క స్కేలు.

పిల్లలు ఉత్సాహంగానే రాశారు. కరెంటు పోయి ట్యూషన్ తప్పినందుకు విద్యుత్తు శాఖకు కృతజ్ఞతలు అని ఒకడు రాశాడు. మా అన్న నన్ను ఒక్కసారే కొట్టాడు కాబట్టి అన్నకు కృతజ్ఞతలు అని ఒక పిల్ల రాసింది. సాయం సంగతి ఇంకా బాగుండేది. క్వార్టర్ల మూడో లైనులో ఒంటరిగా ఉండే ఒక అవ్వ డ్రమ్ములో నీళ్లు నింపడానికి ఒకే సాయంత్రం ఏడుగురు పోయారు. డ్రమ్ము నిండి, వాకిలి నిండి, నీళ్లు అవ్వ మంచం కిందికి చేరాయి. మరుసటి శనివారం అవ్వ బడికి వచ్చి, మీ పుణ్యం మీ దగ్గరనే ఉంచుకోన్రి, నన్ను పొడిగ బతుకనీయిన్రి అని మొక్కి పోయింది. అయినా పద్ధతి నడుస్తున్నదని నాకు గర్వంగా ఉండేది. నేను పెట్టిన నియమం ఒక్కటే. ఇది కృతజ్ఞత పుస్తకం కాబట్టి మంచి సంగతులే రాయాలి. ఏడుపులు, ఫిర్యాదులు కనిపిస్తే స్కేలు పెట్టి ఎర్ర గీతతో కొట్టేసేవాణ్ణి. గీత వంకర పోకూడదని స్కేలు. అంత శ్రద్ధ.

ఇక్కడ మా దగ్గరి ఒక పద్ధతి చెప్పాలి, బయటివాళ్లకు తెలియకపోవచ్చు. బాయిలో పనిచేసే మనిషికి జబ్బు చేసి, ఇక లోపలి పనికి పనికిరాడని మెడికల్ బోర్డు డాక్టర్లు తేలిస్తే, దాన్ని అన్‌ఫిట్ కావడం అంటారు. అప్పుడు ఆ నౌకరి అతని కొడుక్కో బిడ్డకో వస్తుంది. డిగ్రీలు చేసి ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పిల్లలున్న ఇళ్లలో ఈ మాట కోసం దేవుళ్లకు మొక్కుతారు. అన్‌ఫిట్ అయిన రోజు ఇంట్లో పండుగ. మిఠాయి డబ్బాలు పట్టుకుని లైను లైనంతా తిరుగుతారు. ఎదురైనవాళ్లు, ఏమే మీ ఆయన అన్‌ఫిట్ అయిండట గద, మంచిదాయె అంటారు. మనిషి దేనికీ పనికిరాడని రాసిచ్చిన కాగితానికి పసుపూ కుంకుమా పెట్టే ఊరు మాది. ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు, ఇంటికి ఒక నౌకరి అంటే ఏమిటో మాకు తెలుసు. నేనూ ఎన్నో డబ్బాల్లో చెయ్యి పెట్టి తిన్నవాణ్ణే.

ఆ ఏడు వానాకాలం మొదట్లో మా పక్క క్వార్టర్ బావ అన్‌ఫిట్ అయ్యాడు. చుట్టరికం లేకపోయినా ఆయన భార్యను నేను అక్క అని, ఆయనను బావ అని పిలిచేవాణ్ణి. బావ పని పైకప్పు చూడడం. బొగ్గు తీసే చోటికి అందరికంటే ముందు పోయి, కర్రతో పైన తట్టి, చప్పుడు విని, ఇక్కడ నిలబడొచ్చు, అక్కడ వద్దు అని చెప్పాలి. ఆయన తట్టిన చోట ముప్పై ఏళ్లలో ఒక్కరికీ దెబ్బ తగల్లేదని చెప్పుకునేవారు. ఆయాసం వచ్చి అయిదు మెట్లు ఎక్కలేని స్థితికి చేరాడు. బోర్డుకు పోయాడు, అయిపోయింది. డిగ్రీ చేసి మూడేళ్లుగా ఖాళీగా ఉన్న కొడుక్కి నౌకరి ఖాయమైంది. అక్క మైసూర్‌పాక్ డబ్బాతో ల్యాంప్ రూమ్ దాకా వచ్చింది. నేను రెండు ముక్కలు తిన్నాను. బావ కనిపించలేదు, నేను అడగనూ లేదు.

బావ బిడ్డ ఎనిమిదో తరగతి. ఇంటి దగ్గర నన్ను మామా అనేది, బడిలో సార్ అనేది, తొందరలో ఉంటే మామసార్ అనేది. ఆ శనివారం తన పుస్తకంలో, మా బాపు అన్‌ఫిట్ అయినందుకు దేవుడికి కృతజ్ఞతలు అని రాసింది. అన్నకు నౌకరి వస్తుంది, అందరం సంతోషంగా ఉన్నాం అని రాసింది. దాని కింద, బాపు అన్నం తినలేదు అని రాసింది. మొదటి రెండు వాక్యాలకు టిక్కు పెట్టి, మూడోదాన్ని స్కేలు పెట్టి కొట్టేశాను.

పిల్ల నా కుర్చీ పక్కన నిలబడి, "గది అబద్ధం కాదు గద మామా, ఎందుకు గొట్టేసినవ్?" అని అడిగింది.

అబద్ధం కాకపోయినా, ఇంత మంచి జరిగిన రోజున ఆ ఒక్క మాట పట్టుకోవడం కృతజ్ఞత కాదని ఆ పిల్లకు వివరంగా చెప్పాను. ఎడారిలో నడిచేవాడు దొరికిన నీటిని చూడాలి గానీ ఇసుకను కాదని కూడా చెప్పినట్టు గుర్తు. ఎడారి కూడా అలమారలోదే. పిల్ల తల ఊపి పోయి కూర్చుంది. తర్వాతి వారాల్లోనూ అంతే. పైన రెండు వాక్యాలు చక్కగా ఉండేవి, కింద బాపు అని మొదలయ్యే వాక్యం ఒకటో రెండో ఉండేవి. రెండో వారం నుంచే నేను వాటిని చదవడం మానేశాను. బాపు అన్న మాట కనిపించగానే స్కేలు పెట్టేవాణ్ణి. ముప్పై ఎనిమిది మంది పుస్తకాలు, నలభై నిమిషాలు, పైగా ఒక్క చోట కూర్చోలేని మనిషిని. ఆరో వారం, కింద ఆ వాక్యం లేదు. మూడు వరుసల్లో మూడు మంచి మాటలు, ముత్యాల్లా. చాలా బాగుంది అని రాసి, చివర ఒక నక్షత్రం గీశాను. ఆ మూడు మాటలూ పక్క పిల్ల పుస్తకంలోవి అని నాకు తర్వాత తెలిసింది.

ఆ సోమవారం బావ కొడుకు మొదటిసారి కంపెనీ ట్రైనింగ్‌కు పోయే రోజు. పొద్దున్నే అక్క కొబ్బరికాయ కొట్టింది. పోయే ముందు కొడుకు బాపు కాళ్లు మొక్కుదామని చూస్తే ఆయన లేడు. చాయ్ హోటల్‌కు పోయి ఉంటాడు అనుకున్నారు, నెల పది రోజులుగా పొద్దున్నే అట్లే పోతున్నాడు కద. బొట్టు పెట్టించుకుని కొడుకు వెళ్లిపోయాడు. ఇల్లంతా సంబురంలో ఉంది కాబట్టి ఎవరికీ ఫికర్ పుట్టలేదు. తొమ్మిది దాటాక, వాన వెలిసి ఉక్కపోస్తున్న వేళ, ల్యాంప్ రూమ్ కిటికీలో బావ బిడ్డ ముఖం కనిపించింది. బడి బట్టల్లోనే ఉంది, బడికి పోలేదు. కిటికీలోంచి నోటుబుక్కు లోపలికి తోసింది.

"బాపు లేడు మామా. హోటల్ల చూసిన, ఆడ లేడు."

"మరి ఏడికి పోయిండో నీకు ఎరుకేనా?"

పిల్ల కింది పెదవి కొరికింది. "నేను చెప్పద్దు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేయించుకున్నడు. నువ్వు చదువు." నోటుబుక్కును ఇంకొంచెం లోపలికి తోసి, "నువ్వు గొట్టేసినయి చదువు" అంది.

స్కేలు పెట్టి కొట్టిన సన్నటి గీతలు కాబట్టి కింద అక్షరాలు స్పష్టంగానే ఉన్నాయి. బాపు పొద్దున అయిదింటికి లేచి డ్యూటీ బట్టలు వేసుకున్నాడు, మళ్లీ విప్పాడు. బాపు చాయ్ హోటల్‌కు అని చెప్పి పాత బాయి దిక్కు పోయాడు, నేను వెనక పోయి చూశాను. బాపు అక్కడ తీగ దాటి లోపల కూర్చుంటున్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు, నేను ఎవరికీ చెప్పలేదు. అయిదు వారాలు, అయిదు పేజీలు. నాలుగు అలమారలు చదివిన మనిషిని, ఎనిమిదో తరగతి పిల్ల నా కోసమే రాసిన వాక్యాలు చదవలేదు. చెప్పకూడని మాటను ఆ పిల్ల చెప్పకుండా చెప్పడానికి దొరికిన ఒకే ఒక చోటు నా పుస్తకం.  పక్కనున్న మనిషికి కిటికీ అప్పజెప్పి, ఇంచార్జిని గంట పర్మిషన్ అడిగి, పిల్లను బండి వెనక ఎక్కించుకున్నాను.

పాత బాయి మూసేసి చాలా ఏళ్లయింది. లోపల బొగ్గు తీసిన చోట పైన నేల కుంగి, నెర్రెలు విచ్చి ఉంటుంది. చుట్టూ ముళ్లతీగ, ప్రమాదం అని బోర్డు. ఎండాకాలమైతే నెర్రెలు కనిపిస్తాయి. వానలకు గడ్డి నడుం దాకా పెరిగి అన్నీ మూసుకుపోతాయి. తీగకు అవతల, వందడుగుల దూరంలో, ఒకప్పుడు బాయిలోకి గాలి పంపిన ఫ్యాను ఇంటి కూలిన గోడ మీద బావ కూర్చుని ఉన్నాడు. డ్యూటీ బట్టలు, పక్కన కర్ర, సద్ది డబ్బా. ఆయన ముందు నేల నోరు తెరిచినట్టు ఉంది. బావా అని పిలిచాను. తిరగలేదు. ఇంకోసారి పిలిచాను.  అంత చదివిన వాణ్ణి, ఒక్క వాక్యం గుర్తుకు రాలేదు. నేను అటూ ఇటూ నడుస్తూ మాటలు వెతుక్కుంటుండగానే పిల్ల తీగ కింది నుంచి దూరి పరుగెత్తింది. పది పన్నెండు అడుగులు పోయిందో లేదో, గడ్డిలో దాని కాలు మోకాలి దాకా దిగబడింది. అరవలేదు. బాపూ అని మెల్లగా అంది, అంతే.

బావ తిరిగి చూశాడు. "కదలకు. ఉన్నకాడనే ఉండు. ఊపిరి మెల్లగ తీస్కో."

ఆ గొంతు నేను ఎన్నడూ వినలేదు. కిటికీ దగ్గర లైటు తీసుకునేటప్పుడు గొణిగినట్టు మాట్లాడే మనిషి. కర్ర తీసుకుని లేచాడు. ఒక్క అడుగు వేయడానికి ముందు నేలను మూడు చోట్ల తట్టి, చెవి వంచి వింటున్నాడు. పక్కకు జరుగుతున్నాడు, వెనక్కి వస్తున్నాడు, మళ్లీ తట్టుతున్నాడు. అన్నేళ్లు ఆయనకు లైటు ఇచ్చాను గానీ ఆ లైటుతో లోపల ఏం చేసేవాడో నేను చూసింది ఆ రోజే. పిల్ల దగ్గరికి చేరి, చంకల కింద చేతులు పెట్టి పైకి తీశాడు. తన అడుగు పడిన చోటే అడుగు వేయమని చెప్పి, ముందు తట్టుకుంటూ నడిచాడు. తీగ దాటాక కూలబడి చాలాసేపు రొప్పాడు. ఊపిరి అందగానే నా మీద పడ్డాడు, పోరిని ఈడికి తోలుకొచ్చెటందుకు నీకు బుద్ధి లేదారా అని. నేను నోటుబుక్కు ఇచ్చాను. పెదవులు కదుపుతూ, ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివాడు.

"గివన్ని సూసిందా ఇది" అన్నాడు. పేజీ మీద వేలు పెట్టి, "ఈ ఎర్రగీతలు ఎవలయి?"

"నాయే బావా. మంచి సంగతులే రాయాలెనని..."

నన్ను కింది నుంచి పైకి చూశాడు. "నీకు సదువు ఎక్కువైంది బామ్మర్ది."

పిల్ల సద్ది డబ్బా ఏది అని అడిగింది. బాపు గోడ మీద వదిలేసి వచ్చాడు. తెస్తానని నేను తీగ ఎత్తబోతే, ఏం అవసరం లేదు, అది ఖాళీదే అన్నాడు. డ్యూటీ లేని మనిషికి సద్ది కట్టమని భార్యను ఎట్లా అడుగుతాడు? అయినా చేతిలో డబ్బా లేకుండా పొద్దున్నే ఇంట్లోంచి బయటికి నడవడం చేతకాలేదట. డ్యూటీ బట్టలతో పాటు చేతిసంచిలో దాచి, నలభై రోజులు ఖాళీ డబ్బా మోశాడు. తర్వాత తనంతట తనే మాట్లాడాడు. "ఇంట్ల అందరు నవ్వుకుంట తిరుగుతున్నరు. పోరగానికి నౌకరి వచ్చె, నాకు సంతోషం కాదా, సంతోషమే. కని నేను ఏడ కూసోవాలె ఈ మొఖం పెట్టుకొని? గందుకే ఈడికొస్తున్న. ఒక్కో పొద్దు గా నెర్రె దిక్కు సూసి..." అని బిడ్డ వైపు చూసి ఆగిపోయాడు. ఆ మాట ఆయన పూర్తి చేయలేదు, నేను పూర్తి చేయించలేదు. పిల్ల మోకాలి మీద గీరుకుపోయిన చోట ఆయన వేలితో మట్టి తుడుస్తున్నాడు.

ఆ రోజుతో బావ బాగైపోయాడని రాస్తే అది పుస్తకాల్లో ముగింపు అవుతుంది. ఆయన చాలా నెలలు మాట్లాడలేదు, ఆయాసం ఇప్పటికీ ఉంది. కానీ ఇంట్లో అన్నం తిన్నాడు. అక్క ఆ సాయంత్రం మొదటిసారి ఏడ్చింది, కొడుకు ట్రైనింగ్ నుంచి వచ్చి చాలాసేపు బాపు పక్కన కూర్చున్నాడు. కొన్నాళ్లకు బావ రోజూ పొద్దున పాత బాయి చుట్టూ తీగ వెంట, బయటి నుంచే, నడవడం మొదలుపెట్టాడు. ఎక్కడన్నా మేకలు దూరడానికి తీగ ఎత్తి ఉంటే కట్టి వస్తాడు. ఎందుకు బావా అంటే, డ్యూటీ అంటాడు. నేను శనివారం పీరియడు మానలేదు, మానడానికి పెద్ద మేడం ఒప్పుకోలేదు. స్కేలు మాత్రం ఇంట్లో పెట్టేశాను. పిల్లలు ఏం రాసినా పక్కన కూర్చుని చివరి మాట దాకా చదువుతాను. చదువుతుంటే కాళ్లు కదులుతూనే ఉంటాయి, లేచి పోదామని లాగుతూనే ఉంటాయి. ముప్పై ఎనిమిది పుస్తకాలు ఒక పీరియడులో అయ్యేవి కావు, ఇంటికి మోసుకొస్తాను. బావ బిడ్డ ఇప్పుడు కరీంనగర్‌లో డిగ్రీ చదువుతున్నది. సెలవుల్లో వస్తే మామసార్ అని పిలుస్తుంది, ఆ సంగతి ఒక్కనాడూ ఎత్తలేదు. ఎత్తితే నాకు తేలికయ్యేది.

ఆ పొద్దున బావను వెతికి పట్టుకోవడానికి మాకు గంట కూడా పట్టలేదు. దానికి ముందు వారాల తరబడి ఆయన ఎక్కడున్నాడో నా చేతిలోని పేజీల్లో రాసి ఉంది.